వానల్లో శ్రీలంక వెళ్ళేవాళ్ళకి చేతిలో రోజులుండాలి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్న ఎవరో ఒక పట్టిక పెట్టారు. ఏ నెలలో ఏ దేశం వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళకూడదో రంగులు వేసి చూపించే పట్టిక. శ్రీలంక వరసలో మే నుంచి సెప్టెంబరు దాకా ఎర్ర రంగు పులిమేశారు. అక్టోబరు, నవంబరు మాత్రం పసుపు, అంటే పర్వాలేదు, వెళ్ళొచ్చు అని. కింద ఒకాయన "వానాకాలంలో అక్కడికి వెళ్ళడం డబ్బు దండగ" అని తీర్పు కూడా ఇచ్చేశాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఎర్ర రంగు వేసిన ఆ నెలల్లోనే ఆ దేశంలో సగం ఎండగా ఉంటుంది. పసుపు వేసిన రెండు నెలల్లోనే అక్కడ ఘోరాలు జరిగాయి.

నేను, మా అక్క జూన్‌లో వెళ్ళాం. తడిశాం, ఎండకి మాడాం, ఒకటి రెండు చోట్లకి వెళ్ళలేకపోయాం కూడా. ఆ ప్రయాణం తర్వాత నాకు గట్టిగా అనిపించింది ఏమిటంటే, శ్రీలంక వానల్లో చూడదగ్గ దేశమే. కానీ ఏ రోజు ఎక్కడ పడుకోవాలో, ఏ పూట ఏ కొండెక్కాలో ముందే బిగించుకుని వెళ్ళేవాళ్ళకి మాత్రం అది పనికిరాదు. సమస్యంతా ఆ బిగింపుతోనే. దాన్ని పట్టుకుని వానని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

వైపర్లు ఆగిపోయిన మలుపు

ఆ దేశం మొత్తం 65,610 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న దీవికి రెండు రుతుపవనాలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వచ్చి కొలంబో, గాలే, రత్నపుర, కొండల పడమటి వైపు తడిపేస్తుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం వచ్చి తూర్పు, ఉత్తరం తడుపుతుంది. రెంటికీ మధ్య నిలబడ్డవి ఆ కొండలు. 2,524 మీటర్ల పిదురుతలాగల శిఖరం అక్కడే ఉంది. జూన్‌లో మేఘం ఎంత నీళ్ళు మోసుకొచ్చినా పడమటి వాలు మీదే దించేసుకుంటుంది. కొండ దాటి అవతలికి దిగేది పొడి గాలి.

ఇది పుస్తకాల్లో చదవడం వేరు. మేం నువర ఎలియలో పొద్దున్నే బయల్దేరినప్పుడు ఎదురుగా ఉన్న తేయాకు తోట కూడా కనపడనంత మంచు, దానికి తోడు సన్నగా విడవకుండా వాన. హక్‌గల దాటేదాకా వ్యాను వైపర్లు ఆగలేదు. డ్రైవరు తమిళ కుర్రాడు, హట్టన్ దగ్గర తోటల్లో పుట్టినవాడు. వెలిమడ వైపు దిగుతుంటే ఒక మలుపు ముందు స్విచ్ మీద వేలు పెట్టి, "చూడండక్కా" అన్నాడు. మలుపు తిరిగాక వైపర్లు ఆపేశాడు. మళ్ళీ వేయాల్సిన పని పడలేదు. రోడ్డు పొడిగా ఉంది, పక్కన బంగాళదుంప చేలల్లో దుమ్ము లేస్తోంది, గాలి మాత్రం చెట్లు విరిగేలా కొడుతోంది. మా అక్క స్వెటరు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మేం వచ్చిన కొండ మీద మబ్బు అట్లాగే కూర్చుని ఉంది.

రైల్లో వెళ్ళేవాళ్ళకి పట్టిపొల స్టేషను దాటాక వచ్చే సొరంగం దగ్గర ఇదే అనుభవం అవుతుందంటారు.

ఆ పొడి గాలే కొండకి తూర్పున ఉన్న ఊవ ప్రాంతపు టీకి పేరు తెచ్చింది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఆ గాలికి ఆకు నెమ్మదిగా పెరిగి, ఘాటైన వాసన పట్టుకుంటుంది. ఏడాది మొత్తంలో ఊవ తోటలకి మంచి ధర పలికేది అప్పుడే. కొండకి పడమట ఉన్న డింబుల తోటలకి మంచి కాలం జనవరి నుంచి మార్చి. ఒక కొండ, రెండు వాలులు, రెండు క్యాలెండర్లు. మరి ఆ దేశం మొత్తానికి ఒకే రంగు ఎట్లా వేస్తారు?

తూర్పు తీరం సంగతీ అంతే. గాలే దగ్గర సముద్రం కోట గోడలకి ఎగిరి తన్నుతున్న జూన్‌లోనే త్రింకోమలి దగ్గర నీలావెలిలో నీళ్ళు నిలకడగా ఉంటాయి. అరుగం బేలో అలల మీద తేలేవాళ్ళకి అదే సీజను. మిన్నేరియలో మహాసేనుడనే రాజు మూడో శతాబ్దంలో తవ్వించిన చెరువు ఆగస్టు, సెప్టెంబరు నాటికి వెనక్కి తగ్గితే, బయటపడ్డ పచ్చిక కోసం ఏనుగులు వందల కొద్దీ చేరతాయి.

ఈ తేడా ఆ ఊళ్ళవాళ్ళకి కొత్త కాదు. పడమటి తీరంలో నెగొంబో, చిలాపం వైపు జాలర్లలో చాలామంది నైరుతి మొదలవగానే పడవలు, వలలు తీసుకుని త్రింకోమలి, ముల్లైతీవు వైపు వలస పోతారు. అక్కడ ఒడ్డున పాకలు వేసుకుని సీజను అయ్యేదాకా ఉండి తిరిగొస్తారు. (అక్కడి తమిళ జాలర్లకి దీనిమీద అభ్యంతరాలున్నాయి. అవి న్యాయమైనవే, కానీ ఈ వ్యాసంలో పట్టవు.) సముద్రం ఎటు నెమ్మదిస్తే అటు వెళ్ళడం వాళ్ళకి బతుకుతెరువు. మనం మాత్రం తేదీ ముందు రాసుకుని, తర్వాత సముద్రాన్ని నెమ్మదించమంటాం.

మిరిస్సలో పడవవాడు

మా అక్కకి తిమింగలాలు చూడాలని చిన్నప్పటి కోరిక. మిరిస్సలో వాటికోసం పడవలు వెళ్ళేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. జూన్‌లో వెళ్ళవని తెలిసినా, ఒడ్డుకి వెళ్ళి అడుగుదామంది. అడిగాం. పడవ పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే కాదన్నాడు. మా అక్క వదలదు కదా, ఎక్కువ ఇస్తామంది. అప్పుడు తలెత్తి, "ఇప్పుడు తీసుకెళ్తానన్నవాడు ఎవడైనా కనిపిస్తే వాడి పడవ ఎక్కొద్దు మిస్" అన్నాడు. ఆ రోజు ఆయనకి వేరే రాబడి ఉన్నట్టు లేదు. ఒడ్డంతా ఖాళీగా ఉంది.

ఆ మాట విన్నాక అక్క ఇంకేమీ అడగలేదు. మేం ఆ మధ్యాహ్నం ఆయన వెనక ఉన్న హోటల్లో కూర్చుని, అల్లం వేసిన ప్లెయిన్ టీ తాగుతూ, అలలు చూస్తూ గడిపేశాం. మర్నాడు బయల్దేరాల్సిన వాళ్ళం, వాన తెరిపిస్తే సింహరాజ అడవికి వెళ్దామని ఇంకో రోజు అక్కడే ఉండిపోయాం. తెరిపిచ్చింది. జలగలు కూడా వచ్చాయి, వాటి సంగతి వేరే చెప్పక్కర్లేదు. గైడు మాకు మోకాళ్ళ దాకా గుడ్డ మేజోళ్ళు తొడిగి, తను మాత్రం పాదాలకి సిద్ధాలేప అనే మూలికల మందు రాసుకుని చెప్పులతో నడిచాడు. వాన ఆగిన గంటలో ఆ అడవిలో పిట్టలు గుంపులు గుంపులుగా, రకరకాలవి కలిసి, కొమ్మ కొమ్మకీ కదిలి వెళ్ళడం చూశాం. ఎండాకాలంలో వచ్చుంటే ఇది చూసేవాళ్ళం కాదని నేననను. కానీ ఆ గంట మాకు దొరికింది, ఇంకో రోజు ఆగే వీలు ఉండబట్టే.

ఇక్కడే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఆగడానికి అందరికీ సెలవులెక్కడివి?" నిజమే. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి వారం దొరకడమే గగనం. పిల్లల బడి, ఇంట్లో పెద్దవాళ్ళ మందులు, అన్నీ చూసుకుని గడప దాటాలి. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఉన్న వారాన్ని మనం ఎట్లా ఖర్చుపెడుతున్నామో చూడండి. సిగిరియ, క్యాండీ, నువర ఎలియ, ఎల్ల, యాల, గాలే, కొలంబో. ప్యాకేజీలన్నీ ఇదే చుట్టు. ప్రతి రాత్రీ కొత్త మంచం, ప్రతి పొద్దునా సూట్‌కేసు సర్దుడు. ఎండాకాలంలో కూడా ఇది ఒళ్ళు హూనం చేసే తిరుగుడే. వానల్లో అయితే ఒక్క రోడ్డు మూసేస్తే మిగతా అన్ని రోజులూ పేకమేడలా కూలిపోతాయి. ఆ వారంలోనే రెండే చోట్లు పెట్టుకున్నవాళ్ళకి వాన అడ్డం రాదు. ఒక పూట పోతే పోయింది, ఇంకో పూట ఉంటుంది. సెలవు పెంచలేకపోతే ఊళ్ళు తగ్గించుకోవచ్చు, ఆ పని మన చేతుల్లోనే ఉంది.

తడి ఆకు తూకం

ఇంతవరకూ రాసింది చదివి, వాన ఎంత అందంగా ఉంటుందో చెప్పబోతున్నానని ఎవరైనా అనుకుంటే, ఆ పని నా వల్ల కాదు. హట్టన్ దగ్గర మేం దిగిన ఇల్లు తోటల మధ్యలో ఉంది. కిటికీలోంచి చూస్తే మంచు, వాన, పచ్చదనం. ఫోటోకి అంతకన్నా ఏం కావాలి. ఆ పచ్చదనంలోనే ఆడవాళ్ళు వరసగా నిలబడి ఆకు కోస్తున్నారు. తలమీంచి వీపుదాకా ప్లాస్టిక్ పట్టా, నడుముకి ఇంకో పట్టా. చేతివేళ్ళు నీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. మధ్యాహ్నం తూకం దగ్గర మేం నిలబడి చూస్తుంటే, ఒకావిడ బస్తా కాటా మీద పెట్టింది. ముల్లు చూపించిన దానికన్నా తక్కువ రాసుకున్నాడు గుమాస్తా. ఎందుకని మా డ్రైవరుని అడిగితే, "తడి ఆకు కదక్కా, నీళ్ళ బరువని కోసేస్తారు" అన్నాడు. రోజంతా వానలో తడిసినందుకు ఆమెకి మిగిలింది ఆ కోత. ఆవిడ ఏమీ అనలేదు. ఖాళీ బస్తా దులిపి భుజాన వేసుకుని మళ్ళీ వాలు ఎక్కింది.

వాళ్ళుండే లైన్ ఇళ్ళలో, అంటే తోట కూలీల కోసం వరసగా కట్టిన గదుల్లో, చాలావరకు బ్రిటిష్ వాళ్ళ కాలంలో కట్టినవే. కొన్ని ఉండకూడని వాలుల మీద ఉన్నాయి. 2014 అక్టోబరు 29న కొస్లంద దగ్గర మీరియబెద్దలో కొండ విరిగి లైన్ ఇళ్ళ మీద పడింది. అక్కడ ఉండొద్దని అంతకు ఏళ్ళ ముందే హెచ్చరికలున్నాయి. కదిలి వెళ్ళడానికి వాళ్ళకి వేరే చోటు చూపించినవాళ్ళు లేరు. మనం కిటికీ పక్కన కూర్చుని చూసే వానే ఇది. దీన్ని తలుచుకున్నప్పుడు, అసలు ఆ నెలల్లో కొండలకి వెళ్ళి ఆనందించే హక్కు మనకుందా అని చాలాసార్లు అనుకున్నాను.

కానీ హట్టన్ దగ్గర మేం దిగిన ఇంటావిడ దగ్గర ఇంకో మాట విన్నాను. మా మేజోళ్ళు ఆరకపోతే పొయ్యి మీద తీగ కట్టి ఆరేసింది. మర్నాడు వేసుకుంటే కాళ్ళు కట్టెల పొగ వాసన. వాన ఇంకెన్నాళ్ళు కురుస్తుందో అని మా అక్క విసుక్కుంటే, ఆవిడ "కురవనీ అమ్మా, మవుస్సాకెలే నిండాలి" అంది. మవుస్సాకెలే అక్కడి జలవిద్యుత్ జలాశయం. దాని కింద పాత మస్కెలియ ఊరు మునిగి ఉంది. నీళ్ళు బాగా తగ్గిన ఏడు ఆ ఊరి పాత గుడి బయటపడుతుంది. బయటి ఊళ్ళవాళ్ళు దాన్ని చూడ్డానికి వస్తారు, ఫోటోలు తీసుకుంటారు. ఆవిడకి మాత్రం గుడి కనపడిందంటే గుండెల్లో దిగులు. 2022 మార్చి చివర్లో రోజుకి పదమూడు గంటలు కరెంటు తీసేసిన రోజులు ఆ దేశం చూసింది. ఇంధనం కొనడానికి డాలర్లు లేవు, జలాశయాల్లో నీళ్ళూ అడుగంటాయి. పిల్లలు కొవ్వొత్తి దగ్గర చదువుకున్నారని చెప్పిందావిడ. వాన లేని శ్రీలంక మనకి ఎండ కాసే బీచి. ఆవిడకి చీకటి.

ఈ రెంటిలో ఏది పెద్దదో తేల్చడం నా వల్ల కాలేదు. వాన ఆవిడకి దీపం, కాటా దగ్గర ఉన్నావిడకి కోత. ఇద్దరూ ఒకే వాలు మీద ఉంటారు. మనం చేయగలిగిందల్లా ఆ వానని వాల్‌పేపరుగా చూడకపోవడం, ఆకు కోసేవాళ్ళని అడక్కుండా ఫోటో తీయకపోవడం, ఆ ఊళ్ళో మన ఖర్చు ఎవరి చేతికి వెళ్తుందో చూసుకోవడం.

సగం ధర గురించి

వానాకాలంలో వెళ్ళమని చెప్పేవాళ్ళందరూ ముందు చెప్పేది ఇదే: గదులు సగం ధరకి దొరుకుతాయి. దొరుకుతాయి, నిజమే. పెద్ద హోటళ్ళు ధర తగ్గించినా నిలదొక్కుకుంటాయి. తగ్గిస్తే తట్టుకోలేనిది ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చుకునేవాళ్ళు. 2019 ఈస్టర్ బాంబు పేలుళ్ళ తర్వాత జనం రాలేదు. ఆ తర్వాత కరోనా. ఆ తర్వాత పెట్రోలుకి రోజుల తరబడి క్యూలు. గది కట్టుకోవడానికి చేసిన అప్పు మాత్రం ఆగలేదు. అలాంటి ఇంట్లో దిగి, ఎట్లాగూ ఖాళీయే కదా అని ఇంకా తగ్గించమని బేరమాడటం నాకు నచ్చదు. చవక కోసమైతే వానాకాలం వద్దు. ఆ మిగిలే డబ్బుతో అదే ఇంట్లో ఇంకో రెండు రాత్రులు ఉండగలిగితే అప్పుడు వెళ్ళండి. వాళ్ళకీ లాభం, మీకూ వాన తెరిపిచ్చేదాకా ఆగే వీలు.

పసుపు రంగు వేసిన నెలలు

నేను భయపడేది అక్టోబరు, నవంబరులకి. రుతుపవనాల మధ్య కాలమని పేరు, కానీ దీవిలో చాలా భాగానికి అప్పుడే జోరువాన. సాయంత్రాలు పిడుగులు, బంగాళాఖాతంలో వాయుగుండాలు. 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను వచ్చి ఆరువందల మందికి పైగా ప్రాణాలు తీసింది. క్యాండీ, బదుల్ల, నువర ఎలియ జిల్లాల్లో కొండలు విరిగిపడ్డాయి. కొండల్లోకి వెళ్ళే రైలు మార్గం చాలాచోట్ల తెగింది. ఈ నెలలకి పట్టికలో పసుపు రంగు వేసినవాళ్ళు బహుశా సగటు ఉష్ణోగ్రత చూసి ఉంటారు.

మే కూడా తేలిక నెల కాదు. నైరుతి మొదటి ఊపులోనే 2016లో అరనాయకలో కొండచరియ పడింది. 2017 మే చివర్లో రత్నపుర, కలుతర, మాతర వైపు వరదల్లో, కొండచరియల్లో రెండువందల మందికి పైగా పోయారు. అందుకే వానల్లో వెళ్ళమని నేను గుడ్డిగా చెప్పను. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా నా మనసుకి కాస్త నిబ్బరం. అప్పుడు కూడా పడమటి కొండల్లోకి వెళ్ళే రోజు పొద్దున అక్కడి జాతీయ భవన పరిశోధన సంస్థ ఇచ్చే కొండచరియల హెచ్చరిక చూడాలి. పసుపు, నారింజ, ఎరుపు అని ప్రాంతాలవారీగా ఇస్తారు. నారింజ ఉన్నచోటికి నేను వెళ్ళను, గది డబ్బు పోయినా సరే. ఏదైనా అయితే అక్కడి విపత్తు నిర్వహణ కేంద్రం నంబరు 117కి ఫోన్ చేయాలి. ఆ కొండల్లో కష్టం వచ్చిన రోజున అక్కడి సహాయ బృందాలు ముందు చూడాల్సింది లైన్ ఇళ్ళని. జలపాతం చూడ్డానికి వెళ్ళి ఇరుక్కున్న టూరిస్టు కోసం వాళ్ళు ఒక్క గంట పోగొట్టుకున్నా అది మన తప్పే అవుతుంది.

మేం వచ్చేశాక ఒకసారి హట్టన్ ఇంటావిడ కూతురు మెసేజ్ పెట్టింది. మా ద్వారా అక్కడ గది బుక్ చేసుకున్న మా స్నేహితుల్ని రావద్దని చెప్పమని, రోడ్డు మీద మట్టి పడుతోందని. అడ్వాన్సు తిరిగి పంపిస్తామంది. స్నేహితులు ఆ డబ్బు వెనక్కి తీసుకోలేదు, కొన్ని వారాలు ఆగి వెళ్ళారు. వాళ్ళకి తేదీ మార్చుకునే వీలుంది కాబట్టి సరిపోయింది. అదే బిగించిన టూరు అయితే ఏజెంటు ఆ రోడ్డు మీదే తీసుకెళ్ళేవాడేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇప్పుడు మా పిన్ని కొడుకు ఆగస్టులో వెళ్తానంటున్నాడు. ఐదు రోజులు, ఏడు ఊళ్ళు. లిస్టు నాకు పంపించాడు. కొలంబోలో దిగి నేరుగా అనురాధపుర, త్రింకోమలి వైపు వెళ్ళమని, క్యాండీ, నువర ఎలియ తీసెయ్యమని చెప్పాను.

"ఎల్ల చూడకుండా శ్రీలంక ఏంటక్కా, ఆ రైలు కోసమే కదా వెళ్ళేది" అన్నాడు.

ఎల్ల కొండకి పొడి వైపు ఉంది, ఆగస్టులో అక్కడ బాధ లేదు. కావాలంటే తూర్పు నుంచి వెల్లవాయ మీదుగా ఎక్కమన్నాను. రైలు నడుస్తుంటే ఎల్ల నుంచి డెమోదర దాకా ఎక్కొచ్చు, తొమ్మిది కమానుల వంతెన ఆ ముక్కలోనే వస్తుంది. కానీ త్రింకోమలి నుంచి అక్కడికి చేరడానికే ఒక రోజు పడుతుంది, కాబట్టి మిగతా ఊళ్ళన్నీ వదిలేయాలని కూడా చెప్పాను. వాడు కాసేపు లెక్కేసుకుని, ఇంకో రెండు రోజులు సెలవు ఇస్తారేమో మేనేజరుని అడుగుతానన్నాడు. టికెట్లు ఇంకా కొనలేదు.